వాళ్ళకి ఎద్దు తల ఉంది, మరి మనకేముంది?

ప్రశ్న: నమస్తే అమ్మా. మేముండేది విజయవాడ, సొంతూరు అవనిగడ్డ దగ్గర. మా అమ్మాయి గ్లాస్గోలో ఉద్యోగం చేస్తోంది. అక్కడి అబ్బాయినే ఇష్టపడింది, మేమూ ఒప్పుకున్నాం. మాఘమాసంలో పెళ్ళి. అబ్బాయి ఇంటి పేరు మెక్లౌడ్. వాళ్ళ నాన్నగారు పెళ్ళిళ్ళకీ పండగలకీ పెట్టుకునే టోపీకి ఎద్దు తల ఉన్న వెండి పిన్ను ఒకటి ఉంటుంది. అది వాళ్ళ వంశం గుర్తట. మా అమ్మాయికి కూడా అదే గుర్తుతో బ్రోచ్ పెడతామన్నారు. మా వైపు నుంచి కూడా మా వంశం గుర్తుతో ఒక లాకెట్ చేయించాలని నా కోరిక. ఆన్‌లైన్‌లో మా ఇంటి పేరు కొడితే నీలం డాలు మీద ఎర్ర సింహం వచ్చింది. బొమ్మ, సర్టిఫికెట్ కలిపి 2,499 రూపాయలట. మామగారేమో మన పూర్వీకులకి రాయలవారు గండభేరుండం ఇచ్చారు, అదే పెట్టించమంటారు. కాగితం, శాసనం ఏమీ లేవు. ఏది చేయించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో చిన్న విషయం. మా మామగారి అమ్మగారి కాసులపేరు ఒకటి నా దగ్గర ఉంది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడ అందులోంచి ఐదు కాసులు తీసి అమ్మించి, వీధి మొత్తానికి గంజి కాయించిందట. మళ్ళీ ఎవరూ వేయించలేదు. మెడ వెనక ఖాళీగా కనిపిస్తుందని ఎవరూ పెట్టుకోరు. లాకెట్ కోసం దాన్ని కరిగించేయవచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం:

అమ్మా, “ఇంకో చిన్న విషయం” అంటూ మీరు చివర్లో ఇరికించినదే మీ ఉత్తరంలో అసలు విషయం. దాని దగ్గరికి మెల్లగా వస్తాను. ఈలోపు ఒక్క పని చేయండి. ఆ కాసులపేరు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఊరికే తూకం చూసి వద్దామని కూడా ఏ కొట్టుకీ తీసుకెళ్ళకండి. తూకానికి వెళ్ళిన పాత నగ తిరిగి ఇంటికి రావడం నేను పెద్దగా చూడలేదు. మా అమ్మమ్మ వంకీ అలాగే వెళ్ళిపోయింది. తరుగు పోను మిగిలిన దాంతో అప్పటి కొత్త మోడల్ గాజులు చేయించారు. ఆ గాజులు ఎటు పోయాయో మాలో ఎవరికీ గుర్తులేదు. వంకీ గురించి మాత్రం ప్రతి పెళ్ళిలోనూ మాట్లాడుకుంటూనే ఉంటాం.

ముందు సింహం సంగతి. ఆ 2,499 మిగుల్చుకోండి. మీ ఉత్తరం చదివాక నేనూ అలాంటి సైటు ఒకదాంట్లో మా ఇంటి పేరు కొట్టాను, తర్వాత మా పక్కింటివాళ్ళది కొట్టాను. సింహం అదే, డాలు రంగు మారింది, అంతే. చిహ్నాల పద్ధతి పుట్టి పెరిగిన దేశాల్లోనే అది ఇంటి పేరుకి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. ఇంగ్లండ్‌లో ఈ లెక్కలు చూడటానికి 1484 నుంచి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఉంది. ఫలానా వ్యక్తికి ఫలానా చిహ్నం అని రాసి ఇస్తారు, అది ఆయన సంతానానికి దిగుతుంది. అదే ఇంటి పేరున్న ఎదురింటాయనకి దాంతో సంబంధం లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న స్మిత్‌లందరికీ కలిపి ఒక చిహ్నం లేనప్పుడు మనకెక్కడిది? మన ఇంటి పేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లు. ఒకే ఊరి నుంచి బయల్దేరిన, ఒకరికొకరు ఏమీ కాని వాళ్ళందరికీ ఒకటే ఇంటి పేరు ఉంటుంది. వాళ్ళందరి నెత్తినా ఒకే సింహాన్ని కూర్చోబెట్టేది ఆ సైటువాడి కంప్యూటరే.

ఇప్పుడు మీ వియ్యంకుడిగారి టోపీ దగ్గరికి వద్దాం. ఆ ఎద్దు తలని చూసి మీ ఇంట్లో ఎవరో ఒకరు “నందీశ్వరుడే” అనే ఉంటారు. నందీశ్వరుడు కాదు గానీ, దాని వెనక కథ మాత్రం ఉంది. స్కాట్లండ్ వాయవ్యాన స్కై అనే దీవి, అందులో డన్‌వేగన్ అనే కోట. మెక్లౌడ్ నాయకుల ఇల్లు అదే. వాళ్ళ మూడో నాయకుడు మాల్కమ్ 14వ శతాబ్దం మనిషి. గ్లెనెల్గ్ అనే చోట మదించిన ఎద్దు ఎదురైతే ఒక్క బాకుతో దాన్ని చంపి, కొమ్ము విరిచి ఇంటికి తెచ్చాడని చెప్పుకుంటారు. ఆ రాత్రి ఆయన ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది పెళ్ళిపందిట్లో చెప్పుకునే మాట కాదు, వదిలేద్దాం. ఇదే కథని ఇంకోలా కూడా చెబుతారు. ఎవరికో ఎద్దుతో పొడిపించి చంపే శిక్ష వేస్తే, మాల్కమ్ గోదాలోకి దూకి కొమ్ములు పట్టుకున్నాడట. చుట్టూ ఉన్న జనం “హోల్డ్ ఫాస్ట్” అని అరిచారట. గట్టిగా పట్టుకో, వదలకు అని. ఇప్పటికీ వాళ్ళ పిన్ను మీద ఎద్దు తల చుట్టూ ఉండే అక్షరాలు అవే.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ కొమ్ము ఇప్పటికీ డన్‌వేగన్ కోటలో ఉండటం. తర్వాతి నాయకుల్లో ఒకడైన రోరీ మోర్ పేరు మీద దాన్ని రోరీ మోర్ కొమ్ము అంటారు. వారసుడైనవాడు దాన్నిండా పోసిన వైన్ ఆపకుండా ఒక్క గుక్కలో తాగాలి. సీసాన్నర పైనే పడుతుందట అందులో. తర్వాత 29వ నాయకుడైన జాన్ మెక్లౌడ్ 1965లో ఆ పని రెండు నిమిషాల లోపే పూర్తిచేశాడు. ఎద్దు కథ నిజమా కాదా అని వాళ్ళెవరూ జుట్టు పీక్కోరు. కొమ్ము కళ్ళెదురుగా ఉంది, తాగాల్సినవాడు తాగాడు, అంతే.

బ్రోచ్ విషయంలో ఒక నియమం ఉంది, మీకు అవసరమైందే. ఆ పిన్ను మీద ఎద్దు తల చుట్టూ బెల్టూ బకిల్ ఉంటాయి, గమనించారా? అది అందం కోసం కాదు. ఆ గుర్తు చట్టప్రకారం నాయకుడి సొంతం. నేను ఆయన మనిషిని అని చెప్పుకోవడానికి మిగతావాళ్ళు బెల్టు మధ్యలో పెట్టుకుంటారు. పూర్వం నాయకుడు తన బంట్లకి ఇచ్చే లోహపు బిళ్ళని తోలుబెల్టుతో కట్టుకునేవాళ్ళని, ఆ బెల్టే బొమ్మలోకి వచ్చిందని అంటారు. నాయకుడైతే బెల్టు లేకుండా మామూలు వలయం, దాని వెనక మూడు గద్ద ఈకలు పెట్టుకుంటాడు. ఈ వ్యవహారాలు చూసేది ఎడిన్‌బరోలోని లార్డ్ లయన్ కోర్టు. పేరుకే కోర్టు అనుకోకండి, నిజంగానే కోర్టు. చిహ్నాలన్నీ రిజిస్టరులో ఉండాలని 1672లో చట్టం చేశారు, దుర్వినియోగం చేస్తే కేసు పెట్టే అధికారం ఇప్పటికీ ఉంది. అందుకని అల్లుడి మీద ముచ్చటతో ఉంగరం మీద ఎద్దు తల ఒక్కదాన్నీ చెక్కించకండి. బెజవాడలో ఎవరూ మిమ్మల్ని అడగరు గానీ, ఆ పిల్లాడు అది పెట్టుకుని తన బంధువుల మధ్యకి వెళ్ళినప్పుడు ఇబ్బంది పడతాడు. మీ అమ్మాయి ఆ ఇంటి కోడలు కాబట్టి బెల్టూ బకిల్ ఉన్న బ్రోచ్ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. వాళ్ళని పెట్టనివ్వండి.

ఇక మనకేముంది అన్న ప్రశ్న. రాజులకైతే ఉన్నాయి. వేంగి చాళుక్యుల రాగి శాసనాలకి గుచ్చిన కడియం మీద ముద్ర ఉంటుంది. వరాహం, చంద్రవంక, అంకుశం, “శ్రీ త్రిభువనాంకుశ” అన్న అక్షరాలు. కాకతీయులదీ వరాహమే. విజయనగరానిదీ వరాహమే, పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. మన పెద్దవాళ్ళ నోట వినే వరహా అనే నాణెం పేరు ఆ పందిబొమ్మ పెట్టిన పేరే. నిజాముల జెండా మీద ఉన్నదేమో ఒక రొట్టె. మొదటి నిజాం ఒక ఫకీరు పెట్టిన కుల్చాలు ఏడు తిన్నాడని, ఏడు తరాలు ఏలుతావని ఆయన దీవించాడని కథ. ఏడో నిజాంతోనే ఏలుబడి ముగిసింది. సింహాలూ గద్దలూ ఉన్న లోకంలో జెండా మీద రొట్టె పెట్టుకోవడానికి ఎంత ధీమా ఉండాలి చెప్పండి.

కానీ ఇవన్నీ ఏలినవాళ్ళ ముద్రలు, ఇంటింటికీ పంచినవి కావు. సంస్థానాల భవనాల మీద కనిపించే డాలు ఆకారపు చిహ్నాల్లో చాలావాటికి అంత వయసు కూడా లేదు. 1877 ఢిల్లీ దర్బారులో విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించినప్పుడు రాజులకి పంచిన జెండాల కోసం రాబర్ట్ టేలర్ అనే ఇంగ్లిష్ ఉద్యోగి కూర్చుని గీసిన బొమ్మలవి. అవి వచ్చాక రాజులు తమ కథల్ని ఇంగ్లిష్ డాలులో ఇరికించుకున్నారు. మీరూ ఇప్పుడు ఆ పనే చేయబోతున్నారు.

మామగారి గండభేరుండం మాటేమిటి? అచ్యుతదేవరాయల నాణేల మీద రెండు తలల పక్షి ఉంది, ముక్కుల్తో, గోళ్ళతో ఏనుగుల్ని ఎత్తుకుపోతూ. ఆయన ఏలింది 1529 నుంచి 1542 దాకా. తర్వాత మైసూరు ఒడయార్లు దాన్ని తమ గుర్తుగా చేసుకున్నారు, ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలోనూ అదే ఉంది. రాయలవారి దగ్గర మీ పూర్వీకులకి అది దొరికిందో లేదో తేల్చడం నా వల్ల కాదు. కానీ నాకొక అనుమానం, అనుమానమే సుమా. రాయలు మెచ్చినవాళ్ళకి ఇచ్చే నగ గండపెండేరం. కాలికి తొడిగే కడియం. వీరులకీ కవులకీ ఇచ్చేవాళ్ళు. పెద్దనగారి కాలికి రాయలే స్వయంగా తొడిగాడన్న కథ మనందరం విన్నదే. గండపెండేరం, గండభేరుండం. నాలుగు తరాల నోళ్ళలో నానితే ఒకటి ఇంకోటి అయిపోవడానికి ఎంతసేపు? మామగారి దగ్గర ఈ మాట మెల్లగా కదపండి. కోపం రావచ్చు, లేదంటే కథ ఇంకా పెరగవచ్చు.

ఆధారం లేనంత మాత్రాన ఆయన్ని చిన్నబుచ్చాల్సిన పనిలేదు. స్కాట్లండ్‌లోనే హే అనే వంశం ఉంది. పెర్త్ దగ్గర లంకార్టీ అనే చోట డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేన్లతో యుద్ధంలో స్కాట్లు పారిపోతుంటే, పొలం దున్నుకుంటున్న ఒక రైతు, ఇద్దరు కొడుకులు కాడి పట్టుకుని దారికి అడ్డం నిలబడి వాళ్ళని వెనక్కి మళ్ళించారట. రాజు మెచ్చి డేగని వదిలి, అది ఎగిరినంత మేరా భూమి ఇచ్చాడట. వాళ్ళ చిహ్నంలో డేగ ఉంది, డాలుకి అటూ ఇటూ కాడి భుజాన పెట్టుకున్న రైతులున్నారు. చరిత్రకారులేమో హేలు నార్మండీ నుంచి వచ్చిన దొరలు, రైతులూ కాదు ఏమీ కాదు అంటారు. అయినా బొమ్మ అలాగే ఉంది. కాబట్టి శుభలేఖ మీద గండభేరుండం వేయించండి, మామగారి ముచ్చట తీరుతుంది. దాని కింద “రాయలవారిచే ప్రసాదింపబడినది” అని మాత్రం రాయించకండి. పక్షిని ఎవరైనా వేసుకోవచ్చు, టెంపుల్ జ్యుయెలరీ కొట్లలో డజన్ల కొద్దీ ఉన్నాయి. ఆ వాక్యం మాత్రం మనది కాదు.

ఇప్పుడు మీ చిన్న విషయం.

1977 నవంబరు 19. సముద్రం దివిసీమ ఊళ్ళ మీదికి వచ్చింది, వేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాత రోజుల్లో, తినడానికి గింజ లేని వీధిలో, ఒకావిడ మెళ్ళో కాసులపేరు విప్పి ఒక్కో కాసూ తీసిచ్చింది. ఐదు. మీ ఇంటి పేరుకి గుర్తు కావాలని మీరు ఊళ్ళన్నీ వెతుకుతున్నారు, మీ బీరువాలో ఉన్న పేరునేమో కరిగిస్తానంటున్నారు.

నాకు ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, అది మీ మామగారి కన్నతల్లి. అప్పటికి ఆయన పిల్లవాడేమీ కాదు, ముప్ఫై దాటి ఉంటాయి. ఐదొందల ఏళ్ళ నాడు ఎవరో ఇచ్చారన్న పక్షి గురించి చెబుతారు గానీ, తన కళ్ళ ముందు జరిగినదాని గురించి చెప్పరు. ఎందుకో ఊహించగలను. అమ్మ మెడలో నగ అమ్ముకోవాల్సి వచ్చింది అన్నది మనవాళ్ళకి చెప్పుకునే గొప్ప కాదు, దాచుకునే లేమి. మీరు కూడా ఆ ఖాళీని చూసి సిగ్గుపడే పెట్టుకోవడం లేదు కదా?

నేనైతే ఇలా చేయిస్తాను. కాసులపేరులోంచి ఒకే ఒక్క కాసు తీయండి, ఆరోది. అది లాకెట్‌కి నడిబొడ్డు. చుట్టూ సన్నటి బంగారు చట్రం, ఆ చట్రానికి కింది వంపులో ఐదు చిన్న వలయాలు, లోపల ఏమీ లేకుండా. రాళ్ళు పొదగమని ఆచారిగారు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. వద్దనండి. కెంపులు పెడితే బాగుంటుందమ్మా అంటారు. బాగుంటుంది, కానీ వద్దు. ఎవరైనా చూసి ఇవెందుకు ఖాళీగా ఉన్నాయని మీ అమ్మాయిని అడగాలి. ఎద్దు తల చూసి మీరు అడిగినట్టే. అక్షరాలు ఏమైనా వేయించాలనుకుంటే చట్రం వెనకవైపు తెలుగులో ఆవిడ పేరు, 1977, అంతే. సంస్కృతం ముక్క వెతక్కండి. వాళ్ళది పట్టు వదలకు అన్న ఇల్లు, మీది విప్పి ఇచ్చిన ఇల్లు. అవి రెండూ ఒకే పిల్ల ఒంటి మీద ఉండటం నాకు భలేగా అనిపిస్తోంది.

పనిలో జాగ్రత్తలు కొన్ని. కాసుకి టంకం పెట్టనివ్వకండి. మంట తగిలితే అచ్చు మీద గీతలు మెత్తబడతాయి. చట్రాన్ని విడిగా చేసి, కాసుని అందులో కూర్చోబెట్టి, అంచు మడిచి బిగించమనండి, రేపెప్పుడైనా విప్పి మళ్ళీ పేరులోకి గుచ్చుకోవచ్చు. మెరుగు కూడా పెట్టించకండి, అరుగుదలే దాని అందం. స్వచ్ఛత చూడాలంటే గీటురాయి మీద రుద్దకుండా ఎక్స్‌రే మిషన్ మీద పెట్టి చూస్తారు, నిమిషం పని. ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసి, మిల్లీగ్రాముల దాకా తూకం రాయించుకోండి, వీలైతే బిగించేటప్పుడు ఎదురుగా కూర్చోండి. మజూరీ గ్రాము లెక్కన కాకుండా పనికి ఇంత అని ముందే మాట్లాడుకోండి. బంగారం తక్కువ, పని ఎక్కువ కాబట్టి గ్రాముల లెక్క ఆయనకి గిట్టదు, గిట్టకపోతే పని తేలిపోతుంది. గొలుసు మాత్రం కొత్తది కొనండి, 916 హాల్‌మార్కూ, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ చూసుకుని. ఆ నంబరు నిజమైందో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. ఇంకొకటి, పిల్ల తిరిగి వెళ్ళేటప్పుడు బిల్లులు దగ్గర ఉంచుకోమనండి. బ్రిటన్‌లో దిగేవాళ్ళు బయటి నుంచి తెచ్చే వస్తువులు 390 పౌండ్లు దాటితే చెప్పాలి. బంగారం ఇప్పుడున్న ధరకి అది ఎప్పుడో దాటిపోతుంది.

అల్లుడికి ఉంగరం ఎలాగూ పెడతారు కదా. లోపలివైపు, వేలికి ఆనుకునే చోట, అవే ఐదు వలయాలు చెక్కించండి. బయటికి కనిపించనక్కర్లేదు. ఉంగరం ముద్ర కొట్టే రకం కావాలని అబ్బాయి అంటే మాత్రం, బొమ్మ తిరగేసి చెక్కాలని ఆచారిగారికి గుర్తుచేయండి, లక్క మీద నొక్కినప్పుడు సరిగ్గా పడాలి కాబట్టి. మీ ఇళ్ళల్లో రెండు పుస్తెల పద్ధతి ఉంటే అత్తింటి పుస్తె వాళ్ళనే చేయించి తెమ్మనండి. రెండిళ్ళ బంగారం ఒకే తాడు మీదికి రావడం ఏమిటో వాళ్ళకి వేరే వివరించాల్సిన పని ఉండదు.

మిగిలిన కాసులపేరు పెళ్ళిరోజున మీరు పెట్టుకోండి. ఇప్పుడు ఆరు కాసుల ఖాళీ ఉంటుంది, జడ వేసుకుని దాన్ని కప్పేయకండి.

అంతకంటే ముందు, పెళ్ళిపనుల హడావిడి మొదలవ్వకముందే, ఒక మధ్యాహ్నం మామగారి దగ్గర కూర్చోండి. కాసులు ఏ ఊళ్ళో అమ్మారు, ఎంతొచ్చింది, బియ్యం ఎక్కడి నుంచి తెచ్చారు, గంజి ఏ గుండిగలో కాచారు, ఎవరెవరు తాగారు, ఎన్ని రోజులు. ఐదుతో ఎందుకు ఆపిందో కూడా అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఆయనకి కనిపించేలా బల్ల మీదే పెట్టండి.